బుగ్గలో అన్నం ముద్ద

ఆ రోజుల్లో నాకు నమలడం తెలియదు. నవ్వకండి, పళ్లన్నీ ఉన్నాయి, నలుగురికి ఉండాల్సిన నోరు వీడొక్కడికే ఉందని మా అమ్మ అనేది కూడా. లేనిదల్లా తీరిక. ఐటీ కంపెనీలకు ఉద్యోగుల్ని మోసే క్యాబ్ డ్రైవర్‌కి అన్నం తినే వస్తువు కాదు, రెండు పికప్‌ల మధ్య లోపలికి జారవిడిచే సరుకు. డబ్బా మూత తీయాలి, ముద్ద చేయాలి, మింగాలి. మధ్యలో నమలడం అనే స్టాపు మా రూట్‌లో లేదు. కొండచిలువకూ మాకూ తేడా ఒక్కటే, అది మింగాక పడుకుంటుంది, మేము ఇంకో పికప్‌కి తెల్లాపూర్ పోతాం. అట్లాంటి నన్ను ఒకే ఒక్క ముద్ద అన్నం చావు అంచుదాకా తీసుకుపోయి, అక్కడ కాసేపు నిలబెట్టి, మళ్లీ తెచ్చి దింపింది. విషం కలిపిన అన్నమేం కాదు. సన్నబియ్యం, నేనే వండుకున్నది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. ఏడో తరగతి మధ్యలో నేను బడికి సెలవిచ్చాను (బడే నాకు ఇచ్చిందని మా నాన్న వాదన). తర్వాత హోటల్లో పనిచేశాను, సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేశాను, ఎక్కడికి పోయినా "నీ నోరు తక్కువ జెయ్యి" అని పంపేశారు. ఒక్క డ్రైవింగ్‌లోనే నన్ను ఎవరూ పంపలేదు. బడిలో వెనక బెంచీ, బస్సులో వెనక సీటు, పెళ్లి భోజనాల్లో చివరి బంతి. నా జీవితంలో ముందు సీటు దొరికింది స్టీరింగ్ దగ్గరే. ఆ సీటంటే నాకు ప్రాణం. అది పోతుందేమో అనే భయం గురించే ఈ కథంతా.

మా ట్రాన్స్‌పోర్ట్ సారు పెట్టిన రూల్స్‌లో గట్టిది ఒకటుండేది. ప్యాసింజర్ బండిలో ఉండగా డ్రైవర్ నోరు ఆడకూడదు. తినడానికీ వీల్లేదు, నమలడానికీ వీల్లేదు. ఎవరైనా ఫోన్‌లో కంప్లైంట్ కొడితే ఆ రోజు డ్యూటీ బంద్. ఒకరోజు పొద్దున తెల్లాపూర్‌లో ఒక పెద్ద కమ్యూనిటీ గేటు బయట బండి ఆపి, మేడం రావడానికి ఇంకా టైముంది కదా అని డబ్బా తెరిచాను. కోడిగుడ్డు పులుసు గిన్నె మూత బిగుసుకుపోయి రాలేదు. దానితో కుస్తీ పడుతూనే ఆకలి ఆగక ఉత్త అన్నమే ఒక పెద్ద ముద్ద నోట్లో పెట్టాను. పెట్టడమూ, సెక్యూరిటీ అన్న "బండి తియ్ తియ్" అని అరవడమూ, వెనక డోరు తెరుచుకుని మేడం ఎక్కడమూ ఒక్కసారే అయ్యాయి. ముద్ద మింగుదామంటే గొంతులో పట్టేంత చిన్నది కాదు. బయట ఉమ్ముదామంటే మర్యాద కాదు. కుడి బుగ్గలోకి నెట్టి, మీసం సర్దుకుంటున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, బండి కదిలించాను.

ఆ మేడంది అనంతపురం వైపు. జబ్బ మీద రూపాయి బిళ్ళంత తెల్లటి యంత్రం ఒకటి అంటించుకుని ఉండేది. అది ఒంట్లో చక్కెర ఎంతుందో క్షణక్షణం ఫోన్‌కి చెబుతుందట. ఆమెకు షుగర్ ఉందని కాదు, రాకుండా కాపలా పెట్టుకుందంతే. మేము ఆమెను బిళ్ళ మేడం అనుకునేవాళ్లం. మనసు మంచిది, కాకపోతే మాటకారి.

"ఏమప్పా, ఏసీ రవ్వంత పెంచుతావా?" అంది.

"ఊఁ" అన్నాను.

"ఫ్లైఓవర్ మింద పోదామా, కింద పోదామా?"

"ఊఁ."

"ఏమప్పా, పంటి నొప్పా? బుగ్గ వాచిండాది?"

"ఊఁ ఊఁ" అని జాలిగా తలూపాను. "అయ్యో పాపం" అని ఆమె వాళ్లమ్మకు ఫోన్ చేసుకుంది. అప్పటికి బండ్లన్నీ జామ్‌లో ఇరుక్కున్నాయి. నా ముందు బస్సు, వెనక బస్సు, బుగ్గలో ముద్ద. చప్పుడు కాకుండా కొంచెం కొంచెం దవడ కదుపుతూ కూర్చున్నాను. ఫోన్‌లో మాటలు నా చెవిలో పడుతూనే ఉన్నాయి.

"అమా, చాయ్‌లో చక్కెర మానేస్తే సరిపోతాదా? అన్నం తింటాండావు గదా! అన్నం గూడా లోపలికి పోయినాక చక్కెరే అయితాది. రొట్టె అంతే, సంగటి అంతే. ఏం తెలుస్తాదిమా నీకు? ముందర ఏమీ తెలీదు. బాగుండాము బాగుండాము అనుకుంటానే ఉంటాము. తెలిసేతలికి కాళ్లదాంక వచ్చింటాది."

సరిగ్గా ఆ మాట దగ్గరే నా బుగ్గలో అన్నం తియ్యబడింది.

మొదట భ్రమ అనుకున్నాను. నాలుకతో కదిపి చూశాను. తీపే. పంచదార పోసినట్టు కాదు, ఎక్కడో దూరంగా పాయసం వండుతుంటే వాసన వచ్చినంత తీపి. అన్నం వండిందీ నేనే, డబ్బాలో పెట్టిందీ నేనే. మా గదిలో చక్కెర అయిపోయి చాలా రోజులైంది. మరి ఈ తీపి అన్నంలోది కాదు. నాలోది! ఎడమ కాలు చూసుకుంటే తిమ్మిరెక్కి ఉంది (ఆ జామ్‌లో క్లచ్ తొక్కి తొక్కి ఎవరికైనా ఎక్కుతుందని ఇప్పుడు తెలుసు, అప్పుడు తోచలేదు). "కాళ్లదాంక వచ్చింటాది" అన్న మాట చెవిలో గింగిరాలు కొట్టింది.

ఎందుకంత భయమంటే, మా పెద్దనాయన. కల్లు తాగడు, బీడీ ముట్టడు. కాలికి ముల్లు గుచ్చుకుంది, షుగర్ వల్ల మానలేదు, అంతే. దవాఖానకు రెండు చెప్పులేసుకుని పోయాడు. వచ్చేటప్పుడు ఒక చెప్పు మా పెద్దమ్మ చేతిసంచిలో ఉంది. ఆ చెప్పును పారేయాలో ఉంచాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. చానా కాలం గూట్లోనే ఉండింది. పిల్లలం ఆ గూటి వైపు చూడకుండా నడిచేవాళ్లం. అది కుడి కాలి చెప్పు. యాక్సిలరేటరూ బ్రేకూ రెండూ కుడి కాలివే కదా.

గదికి రాగానే వార్తలన్నకు చెప్పుకున్నాను. మణికొండలో నా గదిలోనే ఉండే ఇంకో డ్రైవర్ అతను, వయసులో నాకంటే చాలా పెద్ద. లోకంలో ఏ సంగతి అడిగినా "నాకెర్కనే" అనేవాడు కాబట్టి ఆ పేరు. అడగకపోయినా అనేవాడు.

"అన్నా, ఉత్తన్నం తింటే నోట్ల తియ్యగైంది."

"ఉత్తన్నమా? కూర లేకుంటనా?"

"కూర లేదు, ఏం లేదు."

వార్తలన్న నా మొహాన్ని ఎడమనుంచి, కుడినుంచి చూసి నిట్టూర్చాడు. "నాకెర్కనే. గది షుగర్ తమ్మీ."

"షుగర్ అంటే రక్తంల ఉంటది గదనే?"

"రక్తంల నిండినంక ఏడికి పోతది? మేడ మీద ట్యాంకు నిండితే ఏమైతది? పైకెల్లి పొర్లుతది. నీది నిండింది. నోట్లకెల్లి పొర్లుతుంది."

"ఈ వయసుల వస్తదా అన్నా?"

"ఐటీల అందరికీ వస్తుంది."

"నేను ఐటీ కాదు గదనే, డ్రైవర్‌ని!"

"రోజూ వాళ్లనే మోస్తున్నవ్ గదరా" అన్నాడు. అంటే అంటుకుందని. ఇంత తర్కం ముందు ఏడో తరగతి మధ్యలో మానేసినవాడు ఏం నిలబడతాడు?

అంతలో ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ట్రాన్స్‌పోర్ట్ సారు మెసేజి. వచ్చే శనివారం డ్రైవర్లందరికీ మెడికల్ క్యాంపు, కళ్లు, బీపీ, షుగర్ చూస్తారు, ఏమీ తినకుండా రావాలి, షుగర్ మరీ ఎక్కువున్నవాళ్లకు డాక్టర్ సరే అనేదాకా డ్యూటీ లేదు. నేను ఆ మెసేజిని పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చదివాను. ఎటు చదివినా నా సీటే పోతోంది.

ఇగ ఆ వారం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ముందు అసలు ఉందా లేదా అని నన్ను నేనే పరీక్షించుకున్నాను. బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను, నమిలాను, నమిలాను. తియ్యగైంది. చపాతీ, ఇడ్లీ, ఉడకబెట్టిన ఆలుగడ్డ, అన్నీ తియ్యగయ్యాయి. కోడిగుడ్డు మాత్రం ఎంత నమిలినా కోడిగుడ్డుగానే ఉంది. చికెన్ అంతే. ఆ పక్షులకు నా మీద జాలి కలిగింది కాబోలనుకున్నాను. పోనీ ఇంకొకరికి కూడా ఇట్లాగే అవుతుందేమో అని వార్తలన్నను నమలమన్నాను. అతను అన్నంలో ఆవకాయ కలపకుండా తినడం జరగని పని. ఎర్రగా కలిపి, రెండు సార్లు కదిపి మింగి, "నాకు కారంగుంది" అన్నాడు. ఇంకేముంది, అతను నిక్షేపంగా ఉన్నట్టు, నేను పోయినట్టు రుజువైపోయింది.

అన్నం మానేశాను. పొద్దున కాకరకాయ రసం, పడుకునే ముందు నానబెట్టిన మెంతులు, మధ్యలో కీరదోస. ఆ చేదు పోవడానికి సీసాలకు సీసాలు నీళ్లు తాగేవాణ్ని. తాగిన నీళ్లు ఊరుకుంటాయా? కనిపించిన పెట్రోలు బంకు దగ్గరల్లా బండి ఆపేవాణ్ని. "మాటిమాటికి పోతున్నవ్ సూడు, గదే గుర్తు" అని వార్తలన్న. తిండి లేక కళ్లు తిరిగేవి. "గది ఇంకో గుర్తు." ఫికర్‌తో చేతులు వణికేవి. "అన్ని గుర్తులు అచ్చంగ కలుస్తున్నయ్ తమ్మీ" అని, పరీక్షలో అన్ని జవాబులూ రాసిన పిల్లవాణ్ని చూసినట్టు మురిసిపోయేవాడు.

చివరికి బిళ్ళ మేడమే కనిపెట్టింది. స్టీరింగ్ మీద నా చేతులు చూసి, "ఏమప్పా అట్ల వణుకుతాండావు? ఏమన్నా తిన్నావా లేదా? ఇదో, ఈ చాక్లెట్ నోట్లో యేసుకో" అని వెనకనుంచి చెయ్యి చాపింది. అద్దంలో ఆ చాక్లెట్ చూసి, తేలు కనిపించినట్టు నా పక్క డోరుకు అతుక్కుపోయాను. "వద్దు మేడం, మీకు దండం పెడత, దాన్ని లోపల పెట్టుండ్రి!" అని బతిమాలాను. ఆ రోజు తర్వాత ఆమె బండిలో ఫోన్ మాట్లాడటం మానేసి, నా వైపే చూస్తూ కూర్చునేది.

శనివారం వచ్చేసింది. రాయదుర్గంలో ఒక ఆఫీసు టవరు కింద, బండ్లు పార్క్ చేసే చోట టేబుళ్లు వేశారు. గోడ పక్కన బ్రెడ్డు ప్యాకెట్లూ చాయ్ డ్రమ్మూ పెట్టారు, రక్తమిచ్చినవాళ్లు తినడానికి. డ్రైవర్లందరం ఖాళీ కడుపులతో వరసలో నిలబడ్డాం. నా ముందు వార్తలన్న. అతను వేలు చాచి, గుచ్చనిచ్చి, "నాదేం లేదు, వీనిది జర మంచిగ చూడుండ్రి" అని నన్ను అప్పగించి బ్రెడ్డు దగ్గరకు పోయాడు. పేరు రాసుకునే నర్సమ్మ అతని కాగితం పక్కన పెట్టింది. నేను దాన్ని పట్టించుకోలేదు. నా గుండె చప్పుడు నాకే బండి సైలెన్సర్ పోయినట్టు వినబడుతోంది. కుడి చెప్పులో కాలివేళ్లు ఒక్కొక్కటీ కదిపి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను.

డాక్టరమ్మది భీమవరం వైపు మాట. నా వేలు గుచ్చి, యంత్రం చూసి, "మీకు షుగరు లేదండీ" అంది.

"మిషిన్ ఖరాబై ఉంటది మేడం. ఇంకో ఏలికి గుచ్చుండ్రి."

ఆమె విచిత్రంగా చూసి మళ్లీ గుచ్చింది. "బానే ఉందండీ. ఇంకా తక్కువ వైపే ఉంది. అసలు మీరు ఈ మధ్య అన్నం తింటున్నారా?"

"ఎట్ల తింట మేడం? తింటే నోట్లకెల్లి పొర్లుతుంది."

"ఏం పొర్లుతోందండీ?"

"చక్కెర."

వరసలో వెనకవాళ్లంతా మెడలు చాచారు. నేను మొత్తం చెప్పేశాను. పులుసు గిన్నె మూత, బుగ్గలో ముద్ద, జామ్, తీపి, పెద్దనాయన చెప్పు, నిండిన ట్యాంకు. డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి మాస్కు పైకి లాక్కుంది గానీ కళ్లకు మాస్కు లేదు కదా.

"మీరు రోగం కాదండీ చూసింది, అరుగుదల చూశారు" అంది. "అన్నమైనా రొట్టైనా చక్కెర పూసల్ని గుచ్చిన పొడుగాటి దండ లాంటిదండీ. దండగా ఉన్నంతసేపూ నాలిక్కి తీపి తెలీదు. మన ఉమ్ములో ఒక రసం ఉంటుంది, అది దండని ముక్కలుగా తెంపుతుంది. ఆ చిన్న ముక్కలు నాలిక్కి తగిల్తే తియ్యగా అనిపిస్తుంది. కడుపులోకి వెళ్లాక అక్కడి పులుపుకి ఆ రసం ఆగిపోతుంది. చిన్న పేగులో ఇంకో రసం వచ్చి, మిగిలిన దండంతా పూసలు పూసలుగా విడదీస్తే, అప్పుడు రక్తంలోకి వెళ్తుందండీ. రోజూ మీరు మింగేస్తారు కాబట్టి తెలీలేదు. ఆ రోజు బుగ్గలో దాచుకున్నారు కాబట్టి పట్టుబడింది."

"మరి కోడిగుడ్డు?"

"అందులో ఆ దండ లేదండీ."

(ఈ పాఠం ఏడో తరగతిలోనే ఉంటుందట. నేను మానేసిన మరుసటి వారమే చెప్పి ఉంటారు. నా అదృష్టం అట్లాంటిది.)

"మరి షుగర్ అంటే ఏంది మేడం?"

"రక్తంలోకొచ్చిన చక్కెర ఒంట్లోని కణాల్లోకి వెళ్లాలి కదండీ. తలుపు తీసే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోతే బయటే ఉండిపోతుంది."

"అంటే కమ్యూనిటీ గేటు కాడ సెక్యూరిటీ అన్న నిద్రపోతే క్యాబులన్నీ రోడ్డు మీదనే జామైనట్టు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "అలాగే అనుకోండి" అంది.

అయినా నాకు పూర్తిగా నమ్మకం కుదరలేదు. అది కనిపెట్టి ఆమె బ్రెడ్డు ప్యాకెట్లు తెప్పించి, రక్తమిచ్చిన డ్రైవర్లందరికీ తలా ఒక ముక్క పంచింది. "నమలండి, మింగొద్దు. తియ్యగా అనిపిస్తే చెయ్యెత్తండి." ఇగ చూడండి ఆ దృశ్యం. పొద్దున్నుంచి సాయంత్రందాకా హారన్ మీదినుంచి చెయ్యి తీయని మనుషులు, పలకకుండా, కళ్లు పైకప్పుకు అప్పగించి, ఆవులు నెమరేసినట్టు నములుతున్నారు. అప్పుడే వచ్చిన ట్రాన్స్‌పోర్ట్ సారు బిత్తరపోయి, "ఏమైందిరా వీళ్లందరికి?" అన్నాడు. ముందు ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. తర్వాత చుట్టూ చేతులు లేచాయి. నా చెయ్యి కూడా లేచింది. అందరికీ తీపే! అందరి ట్యాంకులూ పొర్లుతున్నాయి! ఆ సంతోషంలో నేను బ్రెడ్డు మింగేసి ఇంకో ముక్క అందుకున్నాను. వారం తర్వాత నా కడుపులో పడిన మొదటి దండ అది.

ఒక్క వార్తలన్న చెయ్యి మాత్రం లేవలేదు. "నాకు తియ్యగైతలేదు మేడం" అన్నాడు.

"మీరు మింగేశారండీ."

"ఆకలైంది మేడం" అన్నాడు. అందరం విరగబడి నవ్వాం. ఆ నవ్వులోనే నర్సమ్మ పక్కన పెట్టిన కాగితం తెచ్చి డాక్టరమ్మకిచ్చింది. ఆమె దాన్ని చదివి, కళ్లలో నవ్వు తీసేసి, "మీరొకసారి ఇలా రండి, మళ్లీ చూద్దాం" అంది వార్తలన్నతో. అతను బ్రెడ్డు తిన్నాడు కదా, అందుకే ఎక్కువొచ్చి ఉంటుందని నేను అడ్డం పడ్డాను. "ఇది తినకముందు తీసిందండీ" అంది మెల్లగా.

వార్తలన్న కుర్చీలో కూర్చుని నా వైపు చూశాడు. లోకంలో అన్నీ ఎరికైన మనిషి మొహంలో మొదటిసారి ఏమీ ఎరిక లేదు. "నాకు కారంగనే ఉండె గద తమ్మీ" అన్నాడు. "నువ్వు చూసినవ్ గద. కారంగనే ఉండె గద."

వారమంతా నేను నా మీద కప్పుకుని తిరిగిన భయాన్ని అక్కడ ఎవరో విప్పి అతని మీద కప్పినట్టైంది. నాకు తెలుసు అది ఎంత బరువుంటుందో. జోకు వేయకుండా అతని కుర్చీ పక్కకు పోయాను. మందులతో దారికొస్తుందని, కాళ్లు రోజూ చూసుకోవాలని డాక్టరమ్మ చెబుతుంటే ఇద్దరం విన్నాం. తిరుగు ప్రయాణంలో అతన్ని నా బండిలో ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. బొటానికల్ గార్డెన్ దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూ, "తమ్మీ, గా కాకరకాయ రసం శాన చేదుంటదా?" అని అడిగాడు. తెలియదని అతను ఒప్పుకున్న మొదటి సంగతి అదే. "ఏం లేదన్నా, మూడో రోజుకు అలవాటైతది. అయినా డాక్టరమ్మ గోలీలిచ్చింది గద, అవ్వి ఏస్కో" అన్నాను.

కొంతకాలం డ్యూటీ లేకుండా గదిలో ఉన్నాడు. పొద్దున్నే నడక, టైముకు గోలీలు, పళ్లెంలో అన్నం తగ్గించి కూర పెంచడం. స్నానమయ్యాక మంచం మీద కూర్చుని కాళ్లు చూపిస్తే, వేళ్ల మధ్య నేను సెల్‌ఫోన్ లైటు వేసి చూసేవాణ్ని. "మంచిగున్నయ్ అన్నా, ఈ కాళ్లకు ఇంక చానా కిలోమీటర్లున్నయ్" అనేవాణ్ని. తర్వాత డాక్టరమ్మ సరే అంది, మళ్లీ స్టీరింగ్ పట్టాడు. ఇప్పటికీ నడుపుతున్నాడు, రెండు చెప్పులతో. "నాకెర్కనే" అనడం కూడా మళ్లీ మొదలైంది, అది విన్న రోజు నేను గదిలో అందరికీ చాయ్ పోయించాను, చక్కెర లేకుండా.

నేనూ ఇప్పుడు సొంత బండి తోలుతున్నాను. పొట్ట కొంచెం ముందుకొచ్చింది, పోయిన పరీక్షలో డాక్టరు "షుగర్ అంచు మీదున్నారు, జర చూసుకోండి" అన్నాడు. చిత్రమేమిటంటే, లేని రోగానికి అంత వణికిన నేను ఉండబోయే రోగానికి అంత వణకలేదు. తిండి తగ్గించాను, మెట్లెక్కుతున్నాను, నమలడం నేర్చుకున్నాను. ఇప్పటికీ డబ్బా తెరిస్తే మొదటి ముద్ద కూర లేకుండా బుగ్గలో పెట్టుకుని కాసేపు ఆగుతాను. ఆ దూరపు పాయసం వాసన లాంటి తీపి మెల్లగా వస్తుంది. దానితోపాటే ఆ పాత జామూ, ముందూ వెనకా బస్సులూ, వణికే చేతులతో స్టీరింగ్ పట్టుకుని కాలివేళ్లు లెక్కబెట్టుకునే ఆ పిల్లగాడూ వస్తారు. వాడింకా అక్కడే, బుగ్గ వాచిన మొహంతో, ఊఁ అంటూ కూర్చుని ఉన్నాడు. అద్దంలోకి చూసి వాడితో అంటాను, "మింగు బిడ్డా, ఏం గాదు."